నలభై రెండో లెంక

సునాబెడ,
11-7-1974.

అత్తకి కన్నారావు నమస్కారాలు. మావయ్యకి కూడా చెప్పు. ఆయన ఎలాగూ "ఊఁ" అనే ఊరుకుంటాడు, అయినా చెప్పు.

ఇక్కడ జూన్ నెల నుంచి వాన ఆగలేదు. క్వార్టర్లో నలుగురం ఉంటున్నాం, నలుగురి బట్టలూ ఆరవు. సెమిలిగుడ సంతకి వెళ్ళి ఒక గొడుగు కొన్నాను. వచ్చే దారిలోనే లారీ గాలికి తిరగబడి దాని కాడ విరిగిపోయింది.

నీకొక సంగతి రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించేను. మా సెక్షన్‌కి కొత్తగా వచ్చిన సూపర్వైజరు అందరి ముందూ నన్ను నిలబెట్టి, "ఏమయ్యా, లెంక అంటే ఏమిటో తెలుసా? నిఘంటువులో నౌకరు అని ఉంది. మీవాళ్ళు ఇంటిపేరులోనే ఉద్యోగం రాసిపెట్టేరు" అన్నాడు. అందరూ నవ్వేరు. అప్పట్నుంచి "నౌకరుగారూ, ఆ స్పానరు అందుకోండి" అని ఒకటే గోల. వేళాకోళానికే అనుకో. కానీ నాకు అన్నం సహించడం లేదు. కోర్టు కాగితం రాయించుకుంటే ఇంటిపేరు మార్చుకోవచ్చునని మా రూములో సన్యాసిరావు అంటున్నాడు. ఊరికే నీ చెవిన వేస్తున్నాను, కోప్పడకు.

స్టోర్సులో లెంక దండపాణి గారని ఒక పెద్దమనిషి ఉన్నారు. నన్ను చూస్తే చాలు "మా లెంక వచ్చేడు" అంటారు. ఆయన ఒక్కరే నవ్వలేదు. పాపం మొన్న మంగళవారం వాళ్ళ నాన్నగారు పోయేరు. ఎనభై దాటేయట.

నీ మేనల్లుడు,
లెంక కన్నారావు.


మునిగుడ,
14-7-1974.

ఒరే కన్నారావూ,

ముందు చెయ్యవలసింది చెప్తాను, తిట్టడం తర్వాత.

లెంక అని ఇంటిపేరున్నవాడు ఎక్కడున్నా మనకి దాయాదే. దాయాది ఇంట్లో చావు జరిగితే నువ్వు "పాపం" అని రాసి ఊరుకున్నావా? ఇది చదవగానే తలమీంచి స్నానం చెయ్యి. పదోరోజు దాటేదాకా గెడ్డం గియ్యకు, నూనె రాసుకోకు, మంచం ఎక్కకు. పదోనాడు వాళ్ళతో పాటు వెళ్ళి నీళ్ళు వదులు. ఊరు కాని ఊళ్ళో చావు జరిగిన ఇంటికి వరసైనవాడు ఒక్కడైనా రాకపోతే వాళ్ళకెంత చిన్నతనం. నేను మజ్జోరి కోడల్ని కాబట్టి శాస్త్రప్రకారం నాకు స్నానం చాలు. అయినా మూడు రోజులకి కొట్టు కట్టేసేను. రైలు దిగినవాళ్ళు తలుపు తట్టి, ఇడ్లీ లేదని గొణుక్కుంటూ పోతున్నారు. మీ మావయ్య ఏమీ అనలేదు, తనే అన్నం వండుకున్నాడు.

ఇప్పుడు తిడతాను. పేరు మారుస్తావా? అది నీ చొక్కా అనుకున్నావా?

మన కొట్టుకొచ్చే స్కూలు పంతులు గారిని అడిగేను. ఆయన లావుపాటి పుస్తకం చూసి వచ్చి చెప్పేరు. లెంక అంటే నౌకరే, మీ సూపర్వైజరు అబద్ధం చెప్పలేదు. కానీ సగమే చెప్పేడు. పాతకాలంలో రాజు దగ్గర "నీ ప్రాణమే నా ప్రాణం" అని మాటిచ్చి నిలబడేవాడు లెంకట. రాజుకి కష్టమొస్తే అందరూ పారిపోతారు, లెంక పారిపోడు. అలాటి నౌకరీ మీ సూపర్వైజరు చెయ్యగలడేమో అడిగి చూడు.

నా దగ్గర పుస్తకం ఉందని నీకు తెలుసు. మావయ్య రైల్వేలో గ్యాంగు మేస్త్రీగా ఉన్నప్పుడు మిగిలిపోయిన హాజరు పుస్తకం. రైలు దిగి నా కొట్టుకి ఎవడొచ్చినా ఇంటిపేరు అడుగుతాను. లెంక అంటే ఒక ఇడ్లీ ఎక్కువ వేసి వాళ్ళ కథ రాసుకుంటాను. ఇన్నాళ్ళకి ముప్పై తొమ్మిది మంది తేలేరు. చిన్నప్పుడు నవ్వేవాడివి, ఇప్పుడు విను.

లెంక అసిరయ్య. గుడారి అడవుల్లో టపా సంచి మోసేవాడు. ఎలుగుబంటి అడ్డమొస్తే అన్నంమూట విసిరి పారేసేడు గానీ సంచి వదల్లేదు. ఆరోజు ఉత్తరాలు గంట ఆలస్యంగా అందేయి, అంతే. లెంక చిలకమ్మ. రాయగడలో మంత్రసాని. బాలింత నాలుగు ముద్దలు తినేదాకా ఆ గుమ్మం దిగేది కాదు. చీర పెడతామంటే "ముందు దానికి అన్నం ఎట్టండి, నా సీర ఎక్కడికీ పోదు" అనేది. లెంక సింహాచలం, మీ నాన్న, నా తమ్ముడు. వరదకి పట్టాల కింద రాయి కొట్టుకుపోతే ఎర్రజెండా పట్టుకుని వానలో రెండు మైళ్ళు వట్టికాళ్ళతో పరిగెత్తి గూడ్సు ఆపేడు. ఆ వానకే జ్వరం పట్టుకుని పోయేడు. నీకప్పుడు అయిదేళ్ళు. డ్రైవరు వచ్చి నా కాళ్ళ దగ్గర కూచుని ఏడిచేడు. అది రా నౌకరీ అంటే.

అందరూ ధర్మాత్ములే అనను. లెంక జగ్గారావు మేకల దొంగ. ఆయన్నీ రాసేను. దొంగైనా లెంకే. నా పుస్తకంలో ఒకసారి ఎక్కినవాణ్ణి కొట్టెయ్యను.

నీ అత్త,
మజ్జి అప్పలకొండమ్మ.


సునాబెడ,
24-7-1974.

అత్తా,

నీ ఉత్తరం చావు జరిగిన ఎనిమిదో రోజుకి అందింది. నువ్వు చెప్పినట్టే చేసేను. చెయ్యకపోతే నువ్వు ఊరుకుంటావా?

పదోనాడు దండపాణి గారింటికి వెళ్ళేను. గెడ్డంతో, తడిబట్టలతో గుమ్మంలో నిలబడితే ఆయన నన్ను గుర్తుపట్టలేదు. "మా అత్త మీ నాన్నగారికి మైల పట్టమంది. తను కూడా మునిగుడలో కొట్టు మూసుకు కూచుంది" అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని చెరువుకి తీసుకెళ్ళి కొడుకుల వరసలో కూచోబెట్టేరు. మంగలి వరసగా అందరికీ గుండు గీసుకుంటూ వస్తున్నాడు. నా దగ్గరికి వచ్చేసరికి వద్దనడానికి ధైర్యం చాలలేదు. నీళ్ళు వదిలేను. భోజనం వాళ్ళ బంతిలోనే పెట్టేరు.

పెద్దాయన పేరు నరసింగ లెంక. గుడారిలో వైద్యం చేసేవారట. మశూచి వచ్చిన ఏడాది ఊరంతా ఖాళీ చేసి పోతే, లేవలేని పదకొండు మందిని పెట్టుకుని ఆయనొక్కడే ఉండిపోయేడు. ఎనిమిది మందిని లేపేడు. మిగిలిన ముగ్గుర్నీ తనే మోసుకెళ్ళి దహనం చేసేడు. నీ పుస్తకంలో ఉండవలసిన మనిషే.

ఫ్యాక్టరీలో గుండు చూసి సూపర్వైజరు ఎవరు పోయేరని అడిగేడు. "మా తాత" అనేసేను. ఆ రోజు నుంచి నౌకరు అనడం మానేసేడు.

దండపాణి గారి అమ్మాయి కుముదిని ఇక్కడ చిన్నపిల్లల బడిలో చెప్తుంది. వడ్డించేటప్పుడు నన్ను చూసి, "మీకు గుండు బాగోలేదు" అంది. వెంటనే కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. నీకు ఇంకో మాట చెప్పాలి, కానీ ఇప్పుడు కాదు.

కన్నారావు.


మునిగుడ,
2-8-1974.

నాయనా కన్నారావూ,

నీ ఉత్తరం మావయ్యకి చదివి వినిపించేను, పంతులు గారికి వినిపించేను, స్టేషను బాబుకి కూడా వినిపించేను. రాయపూర్ బండి దిగిన ఒక బియ్యం వ్యాపారి, ఏ సంబంధమూ లేనివాడు, కూచుని విన్నాడు. "పదకొండు మందిని పెట్టుకుని ఒక్కడే ఉన్నాడా?" అని రెండుసార్లు అడిగేడు. నరసింగ లెంకని నలభయ్యో పేరుగా రాసేను. ఆ పేజీ ఆయన ఒక్కడికే ఇచ్చేసేను.

గుండు సంగతికి బాధపడకు, జుట్టు వస్తుంది. నువ్వు వెళ్ళి ఆ వరసలో కూచున్నావు చూడు, ఆ పని మీ నాన్న చేసేవాడు. నాకు మళ్ళీ వాడు కనిపించేడు.

మన అసిరయ్య కొడుకు కోరాపుట్ బస్సు మీద పని చేస్తున్నాడు కదా, వాడి చేత కందిపొడి, పసుపురంగు చీరా పంపుతున్నాను. కందిపొడి వాళ్ళమ్మకి ఇయ్యి. చీర కుముదినికి. అన్నగారు పెట్టినట్టు పెట్టు. అప్పచెల్లెళ్ళు లేకుండా పెరిగేవు, ఈ వయసులో ఒక చెల్లెలు దొరికింది నీకు. దాని మంచీ చెడ్డా చూసుకో.

నీ అత్త,
మజ్జి అప్పలకొండమ్మ.


సునాబెడ,
18-11-1974.

అత్తా,

మూడు నెలలై సరిగ్గా రాయలేదని కోపంగా ఉన్నావని తెలుసు. రాయడం మొదలుపెడితే అబద్ధం రాయాలి. అందుకే రాయలేదు.

దండపాణి గారు ఒరియావాళ్ళు. మొదటినుంచీ నాకు తెలుసు. వాళ్ళ అమ్మగారు పర్లాకిమిడి తెలుగావిడ కాబట్టి ఇంట్లో తెలుగు బాగా మాట్లాడతారు. వాళ్ళకీ లెంక అనే ఇంటిపేరు ఉంది, పాతకాలం సిపాయిల పేరట. మన లెంకలకీ వాళ్ళకీ చుట్టరికం ఏమీ లేదు. నువ్వు మైల పట్టమన్నప్పుడే చెప్పి ఉండవలసింది. కొట్టు కూడా మూసేవు, ఇంక ఎలా చెప్పను?

నేను కుముదినిని పెళ్ళి చేసుకుంటాను అత్తా. ఆదివారాలు నాకు ఒరియా అక్షరాలు నేర్పుతుంది. నీ పుస్తకంలో కథలు అడిగి చెప్పించుకుంటుంది. చిలకమ్మ కథ నాలుగుసార్లు చెప్పించుకుంది. చీర ఇచ్చేను గానీ అన్నగారు పెట్టినట్టు పెట్టలేదు. వాళ్ళకి ఇంటిపేరు అడ్డం కాదు, గోత్రం వేరైతే చాలు. దండపాణి గారు ఒకటే అన్నారు, "మీ అత్త మాట తెచ్చుకో" అని.

నరసింగ లెంక పేరు నీ పుస్తకంలోంచి కొట్టెయ్యి. మనవాడు కాదు కదా. అది కొట్టేస్తే ఏ అడ్డమూ ఉండదు.

కన్నారావు.


మునిగుడ,
25-11-1974.

కన్నారావుకి,

వాళ్ళు ఒరియావాళ్ళయితే నాకేమిటి? నా కొట్టుకొచ్చే సగంమంది ఒరియావాళ్ళే. వాళ్ళు తిన్న ఇడ్లీతోనే నువ్వు చదువుకున్నావు. భాష నాకు అడ్డం కాదు.

నువ్వు ఆ చెరువుగట్టున కొడుకుల వరసలో కూచున్నావు. ఆ పెద్దాయనకి నీళ్ళు వదిలేవు. నీళ్ళు వదిలినవాడు ఆ ఇంటి బిడ్డ. ఆ ఇంటి బిడ్డకి ఆ ఇంటి పిల్లని ఎలా ఇస్తారు? నీకు చెప్పి ఆ పని చేయించింది నేనే. నా నోటితోనే దాయాది అన్నాను. ఇప్పుడు నీకు అవసరం వచ్చింది కదా అని కాదంటే, ఆ మనిషి మన చేతి నీళ్ళు తాగింది ఎందుకు?

మేకల దొంగనే కొట్టెయ్యలేదు. పదకొండు మందిని కాచినవాణ్ణి కొట్టమంటావా?

నాకింక రాయకు.

అప్పలకొండమ్మ.


సునాబెడ,
5-12-1974.

అత్తా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను.

ఆయన్ని కొట్టవద్దు. నన్ను కొట్టెయ్యి. నన్ను దత్తత తీసుకో. నీకూ మావయ్యకీ పిల్లలు లేరు. అయిదో ఏట నుంచి నన్ను పెంచింది మీరే, కాగితం మీద రాయడం ఒక్కటే తక్కువ. కోరాపుట్‌లో వకీలుని అడిగేను, ఆచారం ఉంటే పెద్దవాళ్ళని కూడా దత్తత చేసుకోవచ్చన్నాడు. నేను మజ్జి కన్నారావుని అవుతాను. అప్పుడు కుముదిని లెంక, నేను మజ్జి. మొన్న పేరు మారుస్తానంటే తిట్టేవు, అప్పుడు సిగ్గుపడి మారుస్తానన్నాను. ఇప్పుడు సిగ్గుతో కాదు.

వాళ్ళకి కటకం నుంచి ఒక సంబంధం వచ్చింది. మాఘమాసంలో మాట చెప్పాలట. కుముదినిని "మా అత్త ఒప్పుకోకపోయినా చేసుకుందాం" అని అడిగేను. "మీ అత్త మా తాత ముఖం కూడా చూడలేదు. ఆయన కోసం మూడు రోజులు కొట్టు మూసింది. ఆవిణ్ణి కాదని నేను ఆ గుమ్మం తొక్కలేను" అంది. ఇంక నాకు ఏ దారీ లేదు.

కన్నారావు.


మునిగుడ,
19-12-1974.

నాయనా,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. రోజూ తీసి చదువుతున్నాను. దాచకుండా చెప్తాను, నాకు ఆశ పుట్టింది. మజ్జి కన్నారావు అని ఒక కాగితం మీద రాసి చూసుకున్నాను కూడా. కడుపున పుట్టనివాడు కొడుకై వస్తానంటే కాదనే ఆడది ఉంటుందా?

తర్వాత పుస్తకం తెరిచేను. మీ నాన్న పేజీ వచ్చింది. వాడికి నువ్వొక్కడివే. నువ్వు మజ్జి అయిపోతే ఆ ఎర్రజెండా పట్టుకుని పరిగెత్తినవాడి ఇంటిపేరు ఎవరు చెప్పుకుంటారు? నాకు కొడుకు కావాలని తమ్ముడి ఇల్లు మూసెయ్యనా? నావల్ల కాదు. అలాగని ఆ పిల్ల మాట పక్కన పెట్టలేను. నా గుమ్మం తొక్కకుండానే దానికి నా గుమ్మం మీద అంత గౌరవం.

నిన్న పొద్దున్న పిండి రుబ్బుతూ పైకే గొణుక్కుంటున్నాను. లెంకలు ఇలాగ, లెంకలు అలాగ అని. మావయ్య రైల్వే క్వార్టరు నుంచి తెచ్చుకున్న ఆ విరిగిన కుర్చీలో కూచుని ఉన్నాడు. ఉన్నట్టుండి నోరు విప్పేడు.

"ముప్పై యేళ్ళ నుంచి లెంకోళ్ళ గొప్పే యింటున్నాను. ఈ ఇంట్లో మజ్జోడొకడున్నాడు, గేపకముందా?"

నేను రోలు ఆపేసి చూసేను.

"మజ్జోడికి కూడా ఒక పని సెప్పు. ఆ అమ్మిని నా ఒళ్ళో కూకోబెట్టుకుని నాను దానం సేత్తాను. మజ్జోరి పిల్ల లెంకోరింటికి ఎల్తాది. అందులో తప్పేటి?"

ఒరే, నా బుర్రకి తట్టలేదు రా. మా ఊళ్ళలో ఎన్ని చూడలేదు? ఒకే ఇంటిపేరైతే వేరే ఇంటిపేరున్న దంపతులు పిల్లని పెంచుకుని, వాళ్ళే కన్యాదానం చేస్తారు. పేరు మారవలసింది నీది కాదు, దానిది. ఎలాగూ ఆడపిల్లకి పేరు మారక తప్పదు కదా అనుకునేవాళ్ళం. దీనికి మారుతుంది, మళ్ళీ తిరిగి వస్తుంది. నరసింగ లెంకకి నువ్వు వదిలిన నీళ్ళు అలాగే ఉంటాయి. పుస్తకంలో ఎవరి పేరూ కొట్టనక్కర్లేదు.

దండపాణి గారికి నా మాటగా చెప్పు. కన్నకూతుర్ని ఇంకొకరి ఒళ్ళో కూచోబెట్టమనడం చిన్న కోరిక కాదని నాకు తెలుసు. ఆయన కాదంటే నేను తప్పుపట్టను.

మీ మావయ్య ఆ మాట అని మళ్ళీ "ఊఁ" లోకి వెళ్ళిపోయేడు. సాయంత్రం మాత్రం చెప్పులు తీసి నూనె రాసుకుంటున్నాడు, పెళ్ళికి.

నీ అత్త,
మజ్జి అప్పలకొండమ్మ.


సునాబెడ,
2-1-1975.

అత్తా,

దండపాణి గారు నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నారు. వాళ్ళావిడ ఏడిచింది. ఆయన, "మా నాన్నని వాళ్ళు అడక్కుండానే తమవాణ్ణి చేసుకున్నారు. నా కూతుర్ని అడిగి చేసుకుంటున్నారు. కాదనడానికి నేనెవర్ని?" అన్నారు.

ఫాల్గుణంలో గుడారిలో, పగటి ముహూర్తం. మావయ్యని చెప్పులకి అంత నూనె రాయొద్దని చెప్పు, జారిపోతాడు.

కన్నారావు.


మునిగుడ,
24-3-1975.

చిరంజీవులు కన్నారావుకీ కుముదినికీ,

క్షేమంగా చేరేం. గుడారి బస్సులో మావయ్య దారిపొడుగునా నిద్రపోయేడు. తోటలో అరటిగెల మోసినవాడిలాగ అలిసిపోయేడు.

పెళ్ళి మాటలు మీకు రాయనక్కర్లేదు. ఒక్కటి రాస్తాను. పొద్దున్న పురోహితుడు మా ఇద్దరి మధ్యా కుముదినిని కూచోబెట్టి, ఇప్పట్నుంచి మజ్జి గంగరాజు కూతురు అన్నాడు. మావయ్య ఒళ్ళోకి వచ్చినప్పుడు ఆ పిల్ల నేను పంపిన పసుపు చీరే కట్టుకుంది. అన్నగారు పెట్టమని పంపిన చీర తల్లి పెట్టినట్టైంది. ముహూర్తం వేళకి నీ చేతిలో పెట్టేం. చూస్తే మూడు గంటలు. ఆ మూడు గంటలూ నాకొక కూతురు ఉంది. మావయ్య ఆ పిల్ల తలమీద చెయ్యి పెట్టి, "అమ్మి, బాగుండు" అన్నాడు. అంత పొడుగు మాట ఆయన పెళ్ళినాడు నాతో కూడా అనలేదు.

నాకు పదమూడో ఏట పెళ్ళి చేసేరు. అప్పటిదాకా లెంక అప్పలకొండమ్మని. మర్నాటి నుంచి మజ్జి. నన్నెవరూ అడగలేదు. ఎవర్నీ అడగరు. ఊరికే తెలిసినవాళ్ళవీ తెలియనివాళ్ళవీ లెంకల కథలు ఎందుకు రాసుకున్నానో ఇప్పుడు అర్థమవుతోంది. పోయిన వస్తువు గురించి దారినపోయే ప్రతివాణ్ణీ అడుగుతాం చూడు, అలాగ. కుముదిని లెంకల ఇంట్లో పుట్టి, మజ్జి అయి, మూడు గంటల్లో మళ్ళీ లెంక అయింది. దాన్ని చూస్తే నాకు ఎంత ముచ్చటేసిందో చెప్పలేను.

ఇంటికి రాగానే పుస్తకం తీసి నలభై ఒకటో పేరు రాసేను. లెంక కుముదిని, అని. రాసి పేజీ తిప్పితే అవతల ఏదో ఒరియాలో రాసి ఉంది. గుడారికి నాతో తెచ్చినప్పుడు కుముదిని చదువుతానని పట్టుకుంది, అప్పుడే రాసినట్టుంది. నాకా ఒరియా మాట వచ్చు గానీ అక్షరం రాదు. స్టేషను బాబు దగ్గరికి పట్టుకెళ్ళేను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివేడు.

"నలభై రెండు. లెంక అప్పలకొండమ్మ, మునిగుడ. ముఖం తెలియని ముసలాయన కోసం మూడు రోజులు కొట్టు మూసింది. తమ్ముడి ఇల్లు నిలవాలని, కొడుకునై వస్తానన్నవాణ్ణి వదులుకుంది. మాటిచ్చి నిలబడే మనిషి."

ఆయన చదవడం అయిపోయింది. నేను అక్కడే బల్లమీద కూచున్నాను. కళ్ళంట నీళ్ళు ఆగలేదు, స్టేషన్లో అందరూ చూస్తున్నారు. ఆయన కంగారుపడి, "అమ్మా, మీరు మజ్జి కదా, ఎవరో తప్పు రాసేరు, కొట్టెయ్యమంటారా?" అని కలం తీసేడు.

"వొద్దు బాబూ. ఈ పుస్తకంలో ఇన్నాళ్ళూ ఎవుర్నీ కొట్టనేదు. దీన్నీ ఉండనియ్యండి" అన్నాను.

కింద సంతకం మాత్రం ఎప్పటిలాగే పెడుతున్నాను. ఆ ఇంటిపేరువాడు కూడా నిలబడ్డవాడే.

మజ్జి అప్పలకొండమ్మ.